మోనోనా, టాప్‌కానా అని అడిగే ముందు ఒకసారి మేడెక్కండి

సోలార్ ప్యానెళ్ళు తయారుచేసేవారికి, అమ్మేవారికి, తెచ్చి బిగించేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మా మేడ మీద ఎనిమిదేళ్ళుగా ఎనిమిది ప్యానెళ్ళు పనిచేస్తున్నాయి. ఒక్కోటి 320 వాట్లు, నీలం రంగు పాలీ. ఇంట్లో కరెంటు వాడకం పెరిగింది, ఇంకో పది పెట్టిద్దామని నెల కిందట వాకబు మొదలుపెట్టాను. మీ తరఫున నలుగురు వచ్చారు. నలుగురూ మర్యాదస్తులే, నలుగురి దగ్గరా మెరిసే బ్రోషర్లు ఉన్నాయి. కుర్చీలో కూర్చోగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న కూడా ఒకటే: "ఏ టెక్నాలజీ చూస్తున్నారండీ?"

నాకు తెలిస్తే మిమ్మల్ని ఎందుకు పిలుస్తాను? సరే, మీరే చెప్పండి అన్నాను. ఒకరు టాప్‌కాన్ అన్నారు. ఒకరు హెచ్‌జేటీ తప్ప ఇంకేదీ కొనొద్దన్నారు. మూడో ఆయన బైఫేషియల్ అని రెండు వైపులా చేయి తిప్పి చూపించారు. నాలుగో ఆయన "మోనో పెర్క్ చాలండీ, మిగతావన్నీ హంగులు" అని తేల్చేశారు. పెర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ అంటే సిలికాన్ సెల్‌ను (ప్యానెల్‌లో ఒక్కో గడిని) తయారుచేసే వేర్వేరు పద్ధతులట. నలుగురిలో మా మేడ మెట్లు ఎక్కింది ఒక్కరే. ఆయనైనా ఫోన్‌కి సిగ్నల్ అందక ఎక్కారు.

ఏ రకం ప్యానెల్ పెట్టాలో మేడ చెబుతుంది. ఎంత చోటుంది, ఎంత వేడెక్కుతుంది, ఏ గంటకు ఏ మూల నీడ పడుతుంది, ప్యానెల్ కింద ఎంత ఖాళీ ఉంటుంది, ఇప్పటికే ఏమైనా బిగించి ఉందా? ఇవి అడగకుండా రకం పేరు చెప్పడమంటే నాడి చూడకుండా మందు రాసినట్టే. ఈ ఉత్తరం అందుకోసమే.

ఎనిమిదేళ్ళ కిందట చిక్కు ఇంత లేదు. మోనోనా, పాలీనా, అంతే. కరిగిన సిలికాన్‌లో ఒక చిన్న స్ఫటికం ముక్కను ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగితే గుండ్రటి కడ్డీ వస్తుంది. కడ్డీ మొత్తం ఒకే స్ఫటికం. దాన్ని పలచగా కోస్తే మోనో. గుండ్రటిదాన్ని చదరం చేసేటప్పుడు మూలలు కొంచెం తెగుతాయి. పాత మోనో ప్యానెళ్ళలో సెల్లుల మధ్య తెల్లటి డైమండు గుర్తులు కనిపించేది అందుకే. అదే సిలికాన్‌ను మూసలో చల్లారనిస్తే రకరకాల స్ఫటికాలు కలగాపులగంగా గడ్డకడతాయి. అది పాలీ. ఏటవాలు ఎండలో పక్కనుంచి చూస్తే నీలి పెంకులు అతికించినట్టు మెరుస్తుంది. చూడ్డానికి ఇప్పటికీ నాకదే ఇష్టం. కాకపోతే స్ఫటికాల సరిహద్దుల దగ్గర ఎలక్ట్రాన్లు కొన్ని చిక్కుపడిపోతాయి కాబట్టి దాని సామర్థ్యం ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే.

అప్పట్లో మాకు అమ్మినాయన అన్న మాట ఇంకా గుర్తుంది. "మోనో చల్లటి చోట్లకండీ. ఎండ మండేచోట పాలీయే బాగా పనిచేస్తుంది." తడుముకోకుండా చెప్పాడు కాబట్టి నమ్మాను. డేటా షీట్ చదవడం నేర్చుకున్నాక తెలిసింది, సంగతి తిరగబడి ఉందని. సెల్ వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ పాలీ తన శక్తిలో 0.4 శాతం పైగా పోగొట్టుకుంటుంది. మోనో పెర్క్ పోగొట్టుకునేది 0.35 దగ్గర. ఎండకు ఎక్కువ నీరసపడేది పాలీయే. ఇప్పుడు పాలీ తయారీ దాదాపు ఆగిపోయింది కాబట్టి ఈ గొడవ పాతబడింది. కానీ ఎక్కడైనా మిగిలిన సరుకు ఉంటే ఇదే మాటతో వదిలించుకునేవాళ్ళు ఉన్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాలీ కొన్నందువల్ల నేను పెద్దగా నష్టపోలేదు. మేడ మీద చోటు బోలెడుంది, 320 వాట్ల పాలీ అయినా 320 వాట్ల మోనో అయినా 320 వాట్లే. ఈ ఎనిమిదేళ్ళలో నన్ను ఏడిపించినవి వేరే ఉన్నాయి: ఒక గొట్టం నీడ, ఒక వెనక షీటు. వాటి గురించి ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. ముందు మీ బ్రోషర్ల మొదటి పేజీ సంగతి చూద్దాం.

మొదటి పేజీ నిండా సామర్థ్యం అంకెలే. 21.3, 22.6, 23. ఈ శాతం అర్థం చాలామందికి మీరు విడమరచి చెప్పరు. ప్రయోగశాల లెక్కలో చదరపు మీటరు మీద 1000 వాట్ల ఎండ పడుతుంది. అందులో 20 శాతం కరెంటుగా మారితే చదరపు మీటరుకు 200 వాట్లు. అంటే ఈ శాతం చోటు లెక్క. అయిదు కిలోవాట్లకు 20 శాతం ప్యానెళ్ళయితే 25 చదరపు మీటర్లు కావాలి, 23 శాతంవయితే 22కు కాస్త తక్కువ. మిగిలేది ఒక మంచం పట్టే చోటు. మేడ ఇరుకైతే ఆ మంచం చోటు బంగారమే, ఖర్చు ఎక్కువైనా మంచి సామర్థ్యం ఉన్నదే కొనుక్కోవాలి. మేడ మైదానంలా ఉన్నవాడికి దాని కోసం ఎక్కువ చెల్లించమనడం అన్యాయం. ఆ మాట మీరే ముందు చెప్పాలి.

దీనికి తోడు ఇంకో తికమక. నాకు 440 వాట్ల ప్యానెల్, 550 వాట్ల ప్యానెల్ పక్కపక్కన చూపించి "550 హై ఎఫిషియెన్సీ" అన్నారు ఒకాయన. కొలతలు చూశాను. 440ది 1.72 మీటర్లు, 1.13 మీటర్లు. 550ది 2.28 మీటర్లు, 1.13 మీటర్లు. భాగించి చూడండి. చిన్నది 22.6 శాతం, పెద్దది 21.3. పెద్దది ఎక్కువ వాట్లిచ్చేది పెద్దది కాబట్టే. బరువు 28 కిలోలు పైమాటే. మా మెట్లు మధ్యలో ఒకసారి మలుపు తిరుగుతాయి. ఆయన వెళ్ళాక టేపు పెట్టి కొలిచాను: రెండుంబావు మీటర్ల పలక నిలబెట్టినా పడుకోబెట్టినా ఆ మలుపు దాటదు. తాళ్ళు కట్టి బయటనుంచి పైకి లాగాలి. అలా లాగేటప్పుడు గోడకు తగిలితే లోపల సెల్లులు చిట్లుతాయి. ఆ చిట్లు కంటికి కనపడవు, ప్యానెల్‌కి కరెంటు ఎక్కించి తీసే ఎలక్ట్రోల్యుమినిసెన్స్ ఫొటోలో నల్లటి గీతలుగా తేలతాయి. మెట్ల మలుపు కూడా ప్యానెల్ రకాన్ని నిర్ణయిస్తుందని మీ బ్రోషర్లు రాసేవాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

ఇక వేడి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటి లెక్క. గాలి వేడి కాదు, సెల్ వేడి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఏ మేడ మీదా సెల్ 25 దగ్గర ఉండదు, మంచు పడే చోట తప్ప. డేటా షీట్ వెనక పేజీలో ఎన్ఓసీటీ అని ఇంకో అంకె ఉంటుంది, సాధారణంగా 45 డిగ్రీల చుట్టుపక్కల. చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ, 20 డిగ్రీల గాలి, సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి వీస్తుంటే సెల్ ఎంత వేడెక్కుతుందో ఆ అంకె చెబుతుంది. అంటే గాలికంటే సెల్ 25 డిగ్రీలు ఎక్కువ. ఎండ 1000 వాట్లకు చేరితే ఆ తేడా 31 అవుతుంది. గాలి 35 డిగ్రీలుంటే సెల్ 66. ఇది కాగితం మీద లెక్క కదా అని నేనూ అనుకున్నాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసుకుని ఒక మధ్యాహ్నం ప్యానెళ్ళ కిందకి దూరాను. వెనక షీటు మీద 64 చూపించింది. లోపలి సెల్ ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గట్టు పక్కన, గాలి ఆడే చివరి ప్యానెల్ మాత్రం 58. అదే ప్యానెల్, అదే ఎండ, కింద గాలి ఆడితే ఆరు డిగ్రీలు దిగింది.

ఇప్పుడు మీ రకాలను ఇక్కడికి తెద్దాం. సెల్ 65 డిగ్రీలుందనుకుంటే 25 మీద 40 ఎక్కువ. ఒక్కోటి 400 వాట్ల ప్యానెళ్ళు నాలుగు తీసుకోండి. డిగ్రీకి 0.41 శాతం పోగొట్టుకునే పాలీ 334 వాట్లకు దిగుతుంది. 0.35 పెర్క్ 344 దగ్గర ఆగుతుంది. 0.30 టాప్‌కాన్ 352. 0.25 హెచ్‌జేటీ 360. స్టిక్కరు మీద నాలుగూ 400. ఎండ మండే ఊళ్ళో ఉన్నవాడికి హెచ్‌జేటీ, టాప్‌కాన్ ఎందుకు చూడాలో ఈ నాలుగు అంకెల్లో ఉంది. వచ్చిన నలుగురిలో ఒక్కరూ ఇది చెప్పలేదు. హెచ్‌జేటీ ఆయన కూడా "నెక్స్ట్ జనరేషన్" అనే అన్నారు. జపాన్‌లో సాన్యో 1990ల్లోనే అమ్మిన సరుకది, జనరేషన్ మాట అటుంచి ఉష్ణోగ్రత గుణకం (డిగ్రీకి ఎంత శాతం పోతుందో ఆ అంకె) చెప్పి ఉంటే ఆయన బేరం అక్కడే కుదిరేది.

ఇందులోనూ పెంచి చెప్పే అవకాశం ఉంది, దాన్నీ వదులుకోమంటాను. పెర్క్‌కూ హెచ్‌జేటీకీ మధ్య ఆ 16 వాట్లు మండే మధ్యాహ్నపువి. పొద్దున్నే, సాయంత్రం, మబ్బు రోజున, చలికాలంలో సెల్ అంత వేడెక్కదు. ఏడాది మొత్తం కలిపితే తేడా సగానికి పైగా కరిగిపోవచ్చు. చల్లటి చోటయితే దాదాపు లేనట్టే. అక్కడివాళ్ళకు ఇదే అంకె చూపించి ఎక్కువకు అమ్మితే, ఎనిమిదేళ్ళ కిందట నాకు పాలీ అంటగట్టినాయనకూ మీకూ తేడా ఏముంది?

అన్నిటికంటే పెద్ద సంగతి నీడ. మా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక గొట్టం ఉండేది. బొటనవేలంత లావు, మనిషెత్తు. దాని నీడ పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా రెండో ప్యానెల్ మీద, తర్వాత మూడో ప్యానెల్ మీద నడుచుకుంటూ పోయేది. బిగించేటప్పుడు "గొట్టం నీడ ఏపాటిది లెండి" అన్నారు. ఒక రోజు కుతూహలం కొద్దీ పరీక్ష పెట్టాను. మిట్టమధ్యాహ్నం, నీడలేవీ లేనప్పుడు, ఒక సెల్‌కి సరిపోయేలా అట్టముక్క కోసి ప్యానెల్ మీద పెట్టాను. సెల్ అంటే 156 మిల్లీమీటర్ల చదరం, అరచేయి చాపితే దాదాపు కప్పేయొచ్చు. మా ఎనిమిది ప్యానెళ్ళలో అలాంటి సెల్లులు 576 ఉన్నాయి. ఇంట్లో ఇన్వర్టర్ దగ్గర మా అబ్బాయిని నిలబెట్టాను. తెర మీద వోల్టేజీ 258 నుంచి 247కి పడిందని కేకేశాడు. అట్ట తీశాను, మళ్ళీ 258. ఒక్క సెల్ కప్పితే 24 సెల్లుల వోల్టేజీ పోయింది.

ఎందుకో మీకు తెలుసు, కొనేవాళ్ళకు తెలియదు. ప్యానెల్‌లో సెల్లులన్నీ వరసగా గొలుసులా కలిపి ఉంటాయి. ఒక సెల్ నీడలో పడితే గొలుసులో కరెంటు అక్కడ ఆగుతుంది, ఆ సెల్ కరెంటు తయారుచేయడం మాని తానే వేడెక్కిపోతుంది. అది మాడిపోకుండా ప్యానెల్‌ను మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక బైపాస్ డయోడ్ పెడతారు. నీడ పడ్డ భాగాన్ని డయోడ్ పక్కన పెట్టేస్తుంది, మిగతా రెండు భాగాలు నడుస్తాయి. మోనో అయినా, పాలీ అయినా, టాప్‌కాన్ అయినా కథ ఇదే. ఎంత ఖరీదైన సెల్ అయినా నీడలో ఒకటే బేలతనం.

ఇక్కడ నిజంగా తేడా తెచ్చిన రకం ఒకటుంది, అది హాఫ్‌కట్. సెల్లును సగానికి కోసి, ప్యానెల్‌ను పై సగం, కింది సగం అని రెండుగా విడదీసి, రెంటినీ సమాంతరంగా కలుపుతారు. పిట్టగోడ నీడ పొద్దున్నే కింది వరస మీద పడిందనుకోండి. ప్యానెల్ నిలువుగా బిగించి ఉండి, పాతకాలపు పూర్తి సెల్లులదయితే ఆ నీడ మూడు భాగాల్నీ తాకుతుంది, ప్యానెల్ మొత్తం దాదాపు చేతులెత్తేస్తుంది. హాఫ్‌కట్ అయితే కింది సగం పోయినా పై సగం పనిచేస్తుంది. అదే ప్యానెల్‌ను అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తే ఆ నీడ ఒక్క భాగాన్నే తాకుతుంది, పోయేది మూడో వంతు. అంటే నిలువా అడ్డమా అన్నది కూడా రకం ఎంపికలో భాగమే. అది తెలియాలంటే నీడ ఎటునుంచి పడుతుందో తెలియాలి, అందుకు మేడెక్కాలి.

అన్నట్టు ఆ గొట్టాన్ని ఒక పూటలో అవతలి వైపుకు మార్పించాను. ఎనిమిదేళ్ళలో నేను మా సోలార్‌కి చేయించిన అన్ని రిపేర్లలోకీ చవకైనది, ఎక్కువ కలిసొచ్చినది అదే.

బైఫేషియల్ ఆయనతో నాకు కాసేపు వాదన జరిగింది. వెనక గాజు, వెనక కూడా కరెంటు, నిజమే. వెనక వైపు ముందు వైపుతో పోలిస్తే ఎంత చురుకో చెప్పే అంకె పెర్క్‌లో 70 శాతం చుట్టుపక్కల, టాప్‌కాన్‌లో 80, హెచ్‌జేటీలో 90 దాకా ఉంటుంది. కానీ వెనక్కి వెలుతురు రావాలి కదా! ఏటవాలు పైకప్పుకు నాలుగు వేళ్ళ ఎత్తులో అతుక్కున్నట్టు బిగిస్తే వెనక చీకటే. నేల తెల్లగా ఉండి, ప్యానెల్ ఎత్తుగా లేచి, వరసల మధ్య ఖాళీ ఉంటే బాగా వస్తుంది. ఆయన బ్రోషరులో ఒక పట్టిక చూపించారు: వెనకనుంచి 5 శాతం వస్తే ఇన్ని వాట్లు, 15 వస్తే ఇన్ని, 25 వస్తే ఇన్ని. ఆఖరి గడి మీద వేలు పెట్టి "కాబట్టి మీకిది 680 వాట్ల ప్యానెల్ అన్నట్టే" అన్నారు. అది వట్టి హెచ్చవేత పట్టిక. మా మేడ మీద ఎంత శాతం వస్తుందో అందులో లేదు. మేం వేసేది నల్లటి వాటర్‌ప్రూఫ్ పూత మీద, జానెడు ఎత్తున. అది చూసి ఉంటే ఆయన ఆ గడి జోలికి వెళ్ళేవారు కాదు.

అలాగని రెండు గాజుల ప్యానెల్ దండగ అనను. వెనక ప్లాస్టిక్ షీటు బదులు గాజు ఉంటే లోపలికి తేమ వెళ్ళడం కష్టం. రెండు గాజుల నడుమ సెల్లులు సరిగ్గా మధ్యలో ఉంటాయి కాబట్టి ప్యానెల్ వంగినప్పుడు వాటి మీద ఒత్తిడి తక్కువ. కానీ "డబుల్ గ్లాస్, డబుల్ గట్టి" అని మాత్రం అనకండి. ఒక్క గాజు ప్యానెల్‌కి మామూలుగా 3.2 మిల్లీమీటర్ల పూర్తి టెంపర్డ్ (వేడిచేసి గబుక్కున చల్లార్చి గట్టిపరచిన) గాజు వాడతారు, రెండు గాజులదానికి ఎక్కువగా రెండేసి మిల్లీమీటర్లది. అంత పలచటి గాజును ఆ స్థాయిలో టెంపర్ చేయడం కష్టం. క్లాంపు ఎక్కడ పట్టాలో, ఎంత బిగించాలో మీ మాన్యువల్‌లో ఉంటుంది. బిగించే కుర్రాళ్ళకు ఆ పేజీ చూపించండి చాలు. వడగళ్ళ పరీక్ష గురించి గొప్పగా చెబుతారే, అది మామూలుగా 25 మిల్లీమీటర్ల మంచు గుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి చూడటం. అంతకంటే పెద్ద వడగళ్ళు పడే చోట ఉన్నవాళ్ళకు ఆ సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు, ఇంకా పెద్ద గుండుతో పరీక్ష చేసిన మోడల్ ఉందేమో మీరే వెతికిపెట్టాలి.

ఇక ఆ వెనక షీటు కథ. మా ప్యానెళ్ళలో రెంటికి ఏడో ఏట వెనక తెల్ల షీటు నిలువునా పగుళ్ళిచ్చింది, గోరు పెట్టి గీస్తే పొడిగా రాలింది. వాన పడిన పొద్దున ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఎర్రర్ చూపించి ఆగిపోయేది, ఎండెక్కాక మళ్ళీ నడిచేది. కొనేటప్పుడు కాగితం మీద "25 ఏళ్ళ వారంటీ" అని పెద్దక్షరాల్లో ఉంది. ఫోన్ చేస్తే చెప్పారు: 25 ఏళ్ళది పనితీరు వారంటీ అట, వస్తువు వారంటీ అయిదేళ్ళేనట. పనితీరు తగ్గిందని నిరూపించాలంటే ప్యానెల్ విప్పించి, ల్యాబుకు పంపించి, కొలిపించాలట. ఖర్చు నాది. షీటు పగిలినా కరెంటు వాట్లు తగ్గలేదు కాబట్టి ఎలాగూ వర్తించదట. ఆ మాట విన్నాక రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి రెండూ మార్పించుకున్నాను, నా డబ్బుతోనే. సరిపడే కొలత కోసం పాత సరుకు వెతుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి వారంటీ మాట ఎత్తినప్పుడు రెండు అంకెలూ ఒకే సైజు అక్షరాల్లో రాయండి. వస్తువుకు ఎన్నేళ్ళు, పనితీరుకు ఎన్నేళ్ళు. పనితీరులో రకాల మధ్య తేడా నిజంగానే ఉంది. పెర్క్‌కి వాడే పి-టైపు సిలికాన్‌లో మొన్నమొన్నటిదాకా ఎక్కువగా బోరాన్ కలిపేవారు. అది సిలికాన్‌లో మిగిలిన ఆక్సిజన్‌తో జతకట్టి, వెలుతురు తగిలిన మొదట్లోనే కొంత శక్తిని తినేసేది. అందుకే పెర్క్ వారంటీలో మొదటి ఏడు 2 శాతం, తర్వాత ఏటా 0.55 చొప్పున తగ్గొచ్చని రాసి, 25 ఏళ్ళకు 84.8 శాతం మిగులుతుందంటారు. టాప్‌కాన్‌కి వాడే ఎన్-టైపులో ఫాస్ఫరస్ కలుపుతారు కాబట్టి ఆ గొడవ లేదు. టాప్‌కాన్‌కి మొదటి ఏడు 1 శాతం, తర్వాత ఏటా 0.4 చొప్పున, 30 ఏళ్ళకు 87.4. అంకెలు బాగున్నాయి. కానీ టాప్‌కాన్ ఇంత పెద్దఎత్తున మేడలెక్కి ఇంకా పదేళ్ళు కాలేదు. ముప్ఫై ఏళ్ళ గీత ఇప్పటికి కాగితం మీదే ఉంది. ఆ గీత చూపించేటప్పుడు ఈ మాట కూడా కలపడం మీకు మర్యాద.

థిన్ ఫిల్మ్ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, ఇళ్ళ మీదకు అది తక్కువే వస్తుంది. గాజు మీద పలచగా పూత పూసే రకం. వేడిని బాగానే తట్టుకుంటుంది, అదే శక్తికి చోటు ఎక్కువ అడుగుతుంది. విశాలమైన మైదానాల్లో పెట్టే ప్లాంట్లకు కాడ్మియం టెల్యురైడ్ రకం బాగా నప్పుతుంది. వంగే ప్యానెళ్ళను మాత్రం మామూలు మేడ మీద నేరుగా అతికించమని దయచేసి చెప్పకండి. కింద గాలి ఆడకపోతే ఏమవుతుందో పైన 58, 64 అంకెల్లో చూశారు.

ఒకాయన, పేరెందుకు గానీ, బేరం కుదరదని అర్థమయ్యాక "రెండేళ్ళు ఆగండి, పెరోవ్‌స్కైట్ వస్తోంది" అన్నారు. సెల్లుల్లో వాడాలని చూస్తున్న కొత్త రకం పదార్థం అది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసిన సిలికాన్ సెల్ సామర్థ్యం 6 శాతం. ఇప్పుడు మేడ మీదకు వచ్చే ప్యానెళ్ళు 22, 23 దగ్గరున్నాయి. సిలికాన్ ఒక్కదాని హద్దు 29 చిల్లర. దాని మీద పెరోవ్‌స్కైట్ పొర వేసి ప్రయోగశాలలో 34 శాతం దాటారు. ఆ చిన్న సెల్ సంగతి సరే, ఎండకు, తేమకు పాతికేళ్ళు నిలబడాలి కదా. ఈ లోపు నా మేడ ఖాళీగా ఉంటే వచ్చేది సున్నా శాతం.

చివరగా, మీ నలుగురిలో ముగ్గురు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొత్తవి పాత స్ట్రింగ్‌లోనే, అంటే పాత ప్యానెళ్ళ గొలుసులోనే, కలిపేద్దామన్నారు. నా పాత పాలీ ప్యానెల్ ఇచ్చేది 8.6 ఆంపియర్లు. మీ కొత్త 440 ఇచ్చేది 13 పైన. ఒకే గొలుసులో కలిపితే కొత్తది పాతదాని నడక నడుస్తుంది. కుంటి ఎద్దుతో జోడు కట్టినట్టే. ఇన్వర్టర్‌కి రెండో ఇన్‌పుట్ ఉందా, అది ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుంది అని చూడాలి. మాది 12.5 దాటితే తీసుకోదు. ఒకే 550 వాట్లలోనూ 182 మిల్లీమీటర్ల సెల్లులతో 13 ఆంపియర్లిచ్చే ప్యానెల్ ఉంది, 210 సెల్లులతో 17 దాటేదీ ఉంది. నాలుగో ఆయన, ఆ మోనో పెర్క్ ఆయన, ఇన్వర్టర్ స్టిక్కరును వంగి చదివి "ఇది మార్చాలి, లేదా తక్కువ ఆంపియర్ల ప్యానెల్ వెతకాలి" అన్నారు. ఆయన మేడెక్కకపోయినా, ఆ వంగి చదవడం నాకు నచ్చింది.

కాబట్టి నా మనవి. "550 వాట్ మోనో, 10 ప్యానెళ్ళు" అని కొటేషన్ రాయకండి. మోడల్ నంబరు పూర్తిగా రాయండి, ఆ మోడల్ డేటా షీట్ జతచేయండి, డెలివరీ రోజు ప్యానెల్ వెనక స్టిక్కరు మీద ఆ నంబరే ఉండాలి. ఉష్ణోగ్రత గుణకం, రెండు వారంటీలు, ప్యానెల్ ఆంపియర్లు మొదటి పేజీలోకి తీసుకురండి, సామర్థ్యాన్ని రెండో పేజీకి పంపినా ఫర్వాలేదు. మేడ బొమ్మ గీసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడలు గుర్తుపెట్టండి. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడలు సాగుతాయి, ఆ లెక్కా వేయండి. ఇవన్నీ చూశాక తక్కువ రకమే చాలనిపిస్తే ఆ మాట పైకి అనండి. అన్నవారి దగ్గరే కొంటాను, నా పక్కింటివాళ్ళను కూడా పంపిస్తాను.

నేను ఇంకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వలేదు. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను. పదకొండింటికి రావద్దు, అప్పటికి మా మేడ మీద నీడ ఒక్కటీ ఉండదు. ఎనిమిదింటికి రండి, పిట్టగోడ నీడ మొదటి వరస మీద ఉండగానే చూడొచ్చు. టేపు నా దగ్గరుంది.

ఇట్లు,
రెండోసారి ప్యానెళ్ళు కొనబోతున్న ఒక వినియోగదారుడు